సంత నడుమ సారీ

కొంటా సంతలో అందరూ వింటుండగా చింతపండు వ్యాపారి భానుప్రసాద్ తనకు పండు అమ్మే సోమక్కను చూపిస్తూ అరిచాడు. "ఈ సోమక్క పండుకు నీళ్లు చల్లి తూకం పెంచుతంది! నా గోదాములో సరుకంతా బూజు పట్టింది!"

అంతే! కుండకు మూకుడు పెట్టొచ్చు గానీ సంత నోటికి పెట్టగలమా? మరుసటి సంతకు సోమక్క బుట్ట దగ్గర ఆగిన నరపురుగు లేదు. గింజ తీసి, ఎండబెట్టి, తన ఊరు మరైగూడ నుంచి మోసుకొచ్చిన పండు మళ్లీ ఇల్లు చేరింది. దొంగ అనిపించుకున్నాక ఆమెకు ముద్ద దిగలేదు.

ఆ తర్వాత వాన పడితే తేలింది, కారుతున్నది భానుప్రసాద్ గోదాము కప్పేనని. మరి పెద్దమనిషి ఏం చేశాడు? సంతలో సోమక్క బుట్ట దించుకుంటుంటే పక్కకొచ్చి, చెవిలో మంత్రం ఊదినట్టు "సారీ" అని జారుకోబోయాడు.

సోమక్కకు ఒళ్లు మండింది. అడ్డంగా నిలబడింది.

"ఆగు సేటూ! సారీ అంటే నాకూ ఎరికే. కాలు తొక్కినోడు మెల్లగ అంటే సరిపోతది. నువ్వు నా పేరు తొక్కినవ్, సంత నడుమ తొక్కినవ్. మా ఊళ్లె నిందేసినోడు ఏసిన చోటనే మాట ఎనక్కి తీసుకొని, పడ్డోళ్ల చేతి నీళ్లు తాగుతడు."

"చెప్పిన గదక్కా, ఇంకేంది?"

పక్కనే భానుప్రసాద్ కాంటా మీద తన పండు తూకానికి పెట్టిన హిడ్మే అనే ఆమె బుట్ట దించేసుకుంది. "దొంగ అన్నప్పుడు మాకు మంచిగ ఇనపడ్డది. సారీ ఇనపడలే. నీ కాంటా మీద నా పండు పెట్టను."

వెనకున్న ఆడవాళ్లూ బుట్టలు ఎత్తుకున్నారు. సరుకంతా చేజారిపోతోందని భానుప్రసాద్ సంత నడుమకొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"సారీ! సోమక్క తప్పు లేదు! నా గోదామే కారింది!"

"ఆ చివర బట్టల దుకాణం దాకా పోలే" అంది సోమక్క.

ఈసారి గొంతు చించుకున్నాడు. సంతంతా ఒక్కసారి ఘొల్లుమని నవ్వింది. సోమక్క సొరకాయ బుర్రలోంచి దోసిట్లోకి నీళ్లు వంచితే గటగటా తాగాడు. అబ్బ, ఆమె గుండె మీది బండ దిగింది!

ఇక చూడండి, బుట్ట చుట్టూ జనం మూగారు. భానుప్రసాద్ కూడా సంచి పట్టుకుని ముందుకు తోసుకొచ్చాడు.

"ఏంది తొందర? నీకంటే ముందొచ్చినోళ్లున్నరు సేటూ" అంది సోమక్క.

ఆయన వెళ్లి అందరి వెనక నిలబడ్డాడు.