ఆరు నుంచి ఆరు దాకా

ఉదయం పదీ నలభైకి అప్పీలు బోర్డు మాజీ సైనిక డ్రైవరును లోపలికి పిలిచింది. అతను లారీ నడుపుతున్న సైనిక వాహనాల వరుస మీద బాంబు దాడి జరిగి మూడేళ్లయింది. అప్పటి భయం మనసును వదలని అతని జబ్బుకు డాక్టర్లు పీటీఎస్‌డీ అని పేరు పెట్టారు. మొదటి బోర్డు ఇరవై శాతం వైకల్యం రాసింది. నలభై దాటితేనే సైనిక ఆసుపత్రిలో చికిత్స కొనసాగుతుంది. అతని చికిత్స గడువు నెలాఖరుకు తీరిపోతుంది.

మొదటిసారి అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిటారుగా నిలబడి, "ఏ ఇబ్బందీ లేదు సార్" అన్నాడు. బోర్డు అదే రాసుకుంది.

ఈసారి బావమరిది ముందే హెచ్చరించాడు. అతను మంగలి.

"బావా, నాలుగు రోజులు గడ్డం ముట్టుకోకు. నేనైతే గియ్యను, అక్కకు మాటిచ్చా."

డ్రైవరు తనే గీసుకున్నాడు. బూట్లకు పాలిష్ కూడా పెట్టాడు.

"పెళ్లిచూపులకొచ్చామా?" అంది భార్య, వరండాలో.

"మాసిన గడ్డంతో ఆఫీసర్ల ముందుకెలా వెళ్తానే?"

"పోయినసారి ఇలా నీటుగా వెళ్లేగా ఇరవై తెచ్చుకున్నారు."

లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో మానసిక వైద్యురాలు, ఆమె పక్కన రిటైరైన కల్నల్, చివర గుమాస్తా. నిద్ర ఎలా ఉందని వైద్యురాలు అడిగింది.

"బాగానే ఉంది మేడమ్."

"భయాలేమైనా?"

"లేవు మేడమ్."

భార్య లేచింది. "అమ్మా, ఈయన పీక మీద కత్తి పెట్టినా బాగానే ఉందంటారు."

సాక్షి వంతు తర్వాత అని గుమాస్తా ఆమెను కూర్చోబెట్టాడు.

కల్నల్ ఫైలు మూశాడు. "డ్రైవర్, నిన్న సాయంత్రం ఆరు నుంచి ఇవాళ పొద్దున ఆరు దాకా. డ్యూటీ రిపోర్టు చెప్పు."

డ్రైవరు మడమలు కలిపాడు.

"సార్. ఆరుంపావుకు వీధి తలుపు తనిఖీ. ఏడింటికి భోజనం, గోడకు వీపు ఆనించి. తొమ్మిదిన్నరకు పడక. పదకొండు, పన్నెండు, ఒంటిగంట, రెండు, లేచి తలుపులు తనిఖీ. రెండుంపావుకు వీధిలో లారీ టైరు పేలింది. భార్యను మంచం మీంచి లాగి మీద పడుకున్నాను. ఆవిడ మోచేయి చీరుకుంది. నాలుగు దాకా మంచం కింద ఉన్నాం. తర్వాత నిద్ర లేదు. రిపోర్టు పూర్తయింది సార్."

భార్య మోచేతి కట్టు చూపించింది.

"రోజూ ఇంతేనా?" అని వైద్యురాలు అడిగింది.

"టైరు నిన్నొక్కరోజే మేడమ్. తనిఖీ రోజూ."

"మరి ఇబ్బంది లేదన్నారు?"

"అది ఇబ్బంది కాదు మేడమ్. డ్యూటీ."

వైద్యురాలు పేజీన్నర రాసింది. భార్యను ఐదు ప్రశ్నలు అడిగింది.

పన్నెండూ పదికి గుమాస్తా వరండాలోకి వచ్చి ఉత్తర్వు చదివాడు. అరవై శాతం. చికిత్స కొనసాగుతుంది. భార్య మళ్లీ చదవమంది. మళ్లీ చదివాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, అరవై వచ్చిందిరా!"

"చూశావా, గడ్డం మహిమ!"

"నీ మొహం. నున్నగా గీసుకునే వచ్చారు."

డ్రైవరు నవ్వాడు. బెంచీ మీద వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

పన్నెండున్నరకు గుమాస్తా భోజనానికి వెళ్తూ వరండాకు తాళం వేయడానికి వచ్చాడు. డ్రైవరు గురక పెడుతున్నాడు. భార్య కాసేపు ఆగమని చేయి చూపింది. ఆ రోజు వరండాకు తాళం ఒంటిగంటా ఐదుకు పడింది.