ఆరో తరగతి బి సెక్షన్, ఆఖరి పీరియడ్

విద్యాసాగర్ సార్ మెడలో దండ పడుతుంటే మంజుల టీచర్ చప్పట్లు కొట్టింది. కొట్టక ఏం చేస్తుంది, ముందు వరుసలో కూర్చోబెట్టారు మరి. ఆ దండ కొనుక్కొచ్చింది కూడా ఆమే. నారాయణగూడలో బేరమాడి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, ఒక్క రేకు నలగకుండా తెచ్చింది. ఎవరికమ్మా అని పూలకొట్టు ఆమె అడిగితే "మా సార్‌కు" అని చెప్పేటప్పటికే మంజులకు కడుపు మండిపోయింది.

మండదా? సంగతి వింటే మీకూ మండుతుంది.

చిక్కడపల్లిలో ఒక సందు చివర రెండంతస్తుల పాత ఇంటిని బడిగా మార్చి నడుపుతున్నాడు వెంకటరామయ్య. కరస్పాండెంటూ, యజమానీ అన్నీ ఆయనే. ఆ బడిలో మంజుల తెలుగు చెబుతుంది. 2006లో చేరిన రోజు నుంచీ ఒక్క పిల్ల మీద చెయ్యి ఎత్తింది లేదు. తను ఎత్తకపోవడమే కాదు, ఎత్తేవాళ్ళతో తగువు పెట్టుకుంది. విద్యాహక్కు చట్టం వచ్చినప్పుడు, పిల్లల్ని కొట్టరాదని రాసి ఉన్న పేజీ జిరాక్స్ తీయించి స్టాఫ్‌రూం గోడకు అతికించింది. ఎవరో చించేశారు. మళ్ళీ అతికించింది, మళ్ళీ చించారు. తల్లిదండ్రుల మీటింగు పెట్టినప్పుడల్లా లేచి మాట్లాడేది, వాళ్ళు ఆవలించేవాళ్ళు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో అపార్ట్‌మెంట్ల పని చేసుకునే కురుమయ్య అయితే ఆమె మాటలన్నీ ఓపిగ్గా విని, చివర్లో రెండు చేతులూ జోడించాడు.

"అంత మంచిదే టీచరమ్మా. గని మా శ్రీలక్ష్మిని జర గట్టిగ కొట్టుండ్రి. మీరు కొట్టకపోతే దానికి సదువెట్ల వస్తది?"

ఇక విద్యాసాగర్ సార్. లెక్కల మాస్టారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. బెత్తానికి నూనె పట్టించి ఎండలో పెట్టేవాడు. ఏడాదికి ఒకరిద్దరు పాత విద్యార్థులు ఉద్యోగం వచ్చిందంటూ మిఠాయి డబ్బాతో వచ్చి, "మీ దెబ్బల వల్లనే సార్" అని ఆయన కాళ్ళ మీద పడేవాళ్ళు. మంజుల దగ్గర చదివినవాళ్ళకూ ఉద్యోగాలొచ్చాయి. "మీరు కొట్టకపోవడం వల్లనే టీచర్" అని ఒక్కడైనా ఆమెకు లడ్డూ తెచ్చిన పాపాన పోలేదు. పడని దెబ్బను ఎవరు గుర్తు పెట్టుకుంటారు?

2012 జూన్‌లో భానుప్రకాశ్ అనే కుర్రాడు అట్లాగే వచ్చాడు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి చదివి వీఆర్వో ఉద్యోగం కొట్టాడు. కాళ్ళకు మొక్కడం అయ్యాక, స్టాఫ్‌రూంలో టీ తాగుతూ కబుర్లలో పడ్డాడు.

"మా తమ్ముడే సార్, పిరికోడు. మీ దెబ్బలకు భయపడి ఏడో తరగతిల బడి బంద్ జేసిండు. ఇప్పుడు కాచిగూడ టేషన్ కాడ మూటలు మోస్తుండు. తమాషా ఏందంటే, లెక్కలు నాకంటే వానికే మంచిగొస్తుండె."

అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. చేతిలోని లడ్డూ చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు ప్రార్థన వేళ బెత్తం తెచ్చి, పిల్లలందరి ముందూ మోకాలికి ఆనించి విరిచాడు. "ఇగ నేను కొట్ట" అన్నాడు.

మంజులకు సంతోషమైంది. నిజంగానే అయింది, ఒకటిన్నర రోజు పాటు. ఆ తర్వాత ఆలోచన మొదలైంది. ఆరేళ్ళు తను గొంతు చించుకుంటే కదలని మనిషి, టీ తాగుతూ ఒక కుర్రాడు నవ్వులాటకు అన్న మాటకు కదిలాడా? అయితే ఇందులో తన పాలు ఏమీ లేనట్టేనా?

లేనట్టే అని వారంలో తేలిపోయింది. పేపర్లో సార్ ఫోటో పడింది, పైన "బెత్తం విరిచిన మాస్టారు" అని పెద్దక్షరాలు. కింద సార్ చెప్పినట్టుగా ఒక వాక్యం: "కొడితే పిల్లలకు దెబ్బ గుర్తుంటుంది, పాఠం గుర్తుండదు." ఆ వాక్యం మంజులది. ఆరేళ్ళుగా ఆవలించే జనానికి ఆమె చెబుతూ వస్తున్న వాక్యం. పోనీ సార్ కావాలని కొట్టేశాడా అంటే అదీ కాదు. స్టాఫ్‌రూంలో విని విని ఆయన నోటికి వచ్చేసింది. అదే ఇంకా మంట. దొంగతనమైతే నిలదీసి తిట్టొచ్చు.

"మీ సార్ మంచి పని చేసిండు" అన్నాడు మంజుల మొగుడు పేపరు మడుస్తూ. అడిక్‌మెట్‌లో వాళ్ళింట్లో ఆ పూట పప్పులో ఉప్పు పడలేదు.

ఆపైన చుట్టుపక్కల బళ్ళవాళ్ళు సార్‌ను పిలవడం మొదలుపెట్టారు. మంజుల వెంట వెళ్ళి కుర్చీలు వేయించేది, మైకు పలుకుతుందో లేదో చూసేది. "నేను పులి లెక్క ఉంటుంటి" అని సార్ మొదలుపెట్టగానే తల్లులు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. ఎన్నడూ కొట్టని మనిషిని చూసి ఏడవడానికి ఏముంటుంది? తను కూడా ముందు నాలుగేళ్ళు కొట్టి ఉండాల్సింది, అనుకుంది మంజుల ఒక సాయంత్రం హిమాయత్‌నగర్ బస్టాపులో. అనుకున్నందుకు భయపడింది కూడా. కానీ అనుకోవడం మాత్రం అనుకుంది.

దండ వేసింది సెప్టెంబరు ఐదున, టీచర్స్ డే నాడు. దండ వేశాక వెంకటరామయ్య మైకు తీసుకున్నాడు.

"ఇగ మన బడిల ఎవ్వరు పిల్లల్ని కొట్టొద్దు. అందరి బెత్తాలు నా అలమారల పెట్టి తాళమేసిన. ఎవరన్న కొడితే తెల్లారి ప్రార్థనల నిలవడి అందరి ముంగట ఒప్పుకోవాలె. దసరా దాంక చూస్త. గని ఒక్క మాట. విద్యాసాగర్ సారే ఆగలేకపోతే ఇది ఎవ్వరితోని గాదు. తాళం తీసి ఎవరి బెత్తం వాళ్ళకిస్త."

ఒప్పుకోవాలన్న నియమం రాసిచ్చింది మంజులే. తాళం తీస్తానన్న మాట మాత్రం ఆయనే సొంతంగా కలుపుకున్నాడు. ఆ మాటతో బడిలోని నాలుగువందల మంది పిల్లల వీపులూ ఒక్క మనిషి చేతిని నమ్ముకుని మిగిలాయి. ఆ సంగతి మంజులకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

తెలిసి తెలిసీ ఆ పని చేసింది.

బడికి టైంటేబుల్ వేసేది ఆమే. ఒక టీచరు కాన్పు సెలవు మీద వెళ్ళడంతో సెప్టెంబరులో దాన్ని మళ్ళీ వేయాల్సి వచ్చింది. అందరూ భయపడే తరగతి ఒకటుంది, ఆరో తరగతి బి సెక్షన్. యాభై ఎనిమిది మంది. పైన రేకుల గది. పక్క స్థలంలో అపార్ట్‌మెంటు లేస్తోంది, రోజంతా డ్రిల్లింగు మిషను మోత. అందులో ఆఖరి పీరియడ్ అంటే పిల్లలు పిల్లల్లా ఉండరు. సీనియర్ అని ఎప్పుడూ పొద్దుటి క్లాసులే ఇచ్చే విద్యాసాగర్ సార్‌కు, వారంలో ఆరు రోజులూ ఆ ఆఖరి పీరియడ్ వేసింది. పక్క గదిలో ఉండే ఏడో తరగతిని ఆ వేళకు తను తీసుకుంది.

"వేరే ఎట్ల కుదరలే సార్" అంది.

"పర్వాలేదమ్మా" అన్నాడాయన. ఆ మంచితనానికి ఆమెకు మరింత ఒళ్ళు మండింది.

రెండు వారాలు గడిచాయి. గోడ అవతల సార్ గొంతు రోజురోజుకూ బొంగురుపోతోంది. "కూసోండి నాయనా, కూసోండి" అంటున్నాడు తప్ప చెయ్యి లేవడం లేదు. గంట కొట్టాక వడిలిన ముఖంతో మెట్లు దిగే మనిషిని చూసి మంజుల రోజూ నిరాశపడి ఇంటికి పోయేది. ఒక పిల్లకు దెబ్బ పడలేదని నిరాశ! దానికి ఆ పేరు పెట్టుకోలేదు గానీ, ఉన్నది అదే.

శుక్రవారం నాడు పడింది. చెంప మీద అరచేయి పడిన చప్పుడు. దాని వెనకే గదంతా నిశ్శబ్దం. బోర్డు మీద రాస్తున్న మంజుల సుద్దముక్క ఆగిపోయింది. "అయింది!" అనుకుంది. గుండె ఒక్క గంతు వేసింది. ఆ గంతు కంగారుతో కాదు, బాధతో కాదు, అచ్చమైన సంతోషంతో. పరిగెత్తుకుని వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

కురుమయ్య కూతురు శ్రీలక్ష్మి బెంచీ పక్కన నిలబడి ఉంది. చెంప మీద వేళ్ళు అచ్చు పడ్డాయి. విద్యాసాగర్ సార్ తన అరచేతిని తనే చూసుకుంటున్నాడు.

"మూడుసార్లు చెప్పిన మేడం. ఎనకకు తిరిగి ముచ్చట పెడుతుంది. నాల్గోసారి..." అని కుర్చీలో కూలబడ్డాడు. "రేపు ప్రార్థనల చెప్త. నేనే చెప్త."

మంజుల పిల్లను కిందికి తీసుకుపోయి నల్లా దగ్గర ముఖం కడిగింది. స్నేహితురాలి సంచీ మోసుకుంటూ రోజా అనే పిల్ల వెంట వచ్చింది. శ్రీలక్ష్మి ఏడవడం లేదు. ఏదో ఆలోచిస్తోంది.

"టీచర్, మీరెందుకు నవ్విన్రు?"

"ఎప్పుడు?"

"సార్ కొట్టంగనె ఉరికొచ్చిన్రు గద. తలుపు కాడ నిలవడి నవ్విన్రు."

మంజుల చేతిలోంచి నీళ్ళు కారిపోయాయి. "నవ్వలేదు బిడ్డా. ఏడుస్తుంటివి గద, కండ్లల్ల నీళ్ళతోని నీకట్ల కనవడ్డది."

"నేను ఏడ్వలే టీచర్."

"టీచర్ ఎందుకు నవ్వుతది? అబద్ధాలాడకు" అని రోజా గద్దించింది. శ్రీలక్ష్మి తప్పు తనదే అయినట్టు తల వంచుకుని సంచీ తగిలించుకుంది.

మంజుల ఇంటికి పోయింది, కోరుకున్నది చేతికి వచ్చింది, కానీ అన్నం సహించలేదు. దెబ్బ ఒక ఎత్తు, అది నీ తప్పేనని పిల్లను నమ్మించడం ఇంకో ఎత్తు అని ఎన్ని మీటింగుల్లో చెప్పింది! ఆ రెండోది ఇవాళ తనే చేసింది. సార్ చెయ్యి ఒక్క క్షణమే అదుపు తప్పింది. తను కూర్చుని, గీతలు గీసి, టైంటేబుల్ వేసి, రెండు వారాలు ఎదురుచూసింది.

శనివారం ప్రార్థన అయ్యాక విద్యాసాగర్ సార్ మైకు దగ్గరికి వచ్చాడు.

"నిన్న నేను శ్రీలక్ష్మిని కొట్టిన. తప్పు నాది, పిల్లది గాదు. బిడ్డా, నన్ను మాఫ్ జెయ్యి."

వెనకెక్కడో మొదలై పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. దీనికీ చప్పట్లేనా, అని మంజులకు ఆ క్షణంలో కూడా లోపల చురుక్కుమంది. ఏం చేస్తాం, అసూయ ఒక్క పూటలో వదిలే జబ్బు కాదు.

వెంకటరామయ్య జేబులోంచి తాళాల గుత్తి తీస్తూ ముందుకు వచ్చాడు. "సార్ గొప్పతనం సార్‌దే. గని నేను ముందే చెప్పిన. ఆయనే ఆగలేకపోయిండు కాబట్టి..."

"ఒక్క నిమిషం సార్" అంటూ మంజుల మైకు అందుకుంది.

"సార్ ఆగలేకపోవాల్నని నేనే చూసిన. ఆఖరి పీరియడ్ కావాల్నని ఏసిన. ఆయన మెడల దండ పడ్డందుకు కుళ్ళుకున్న. నిన్న దెబ్బ సప్పుడు ఇనంగనె సంబరపడ్డ." ఆరో తరగతి వరుస వైపు తిరిగింది. "శ్రీలక్ష్మీ, నువ్వు చూసింది నిజమే బిడ్డా. నేను నవ్విన. నవ్వలేదని నీతోని అబద్ధం చెప్పిన."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీచర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెంకటరామయ్య తాళాల గుత్తి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. విద్యాసాగర్ సార్ మాత్రం మంజుల వంక చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంది, ఉండదా మరి. చివరికి కరస్పాండెంటు వైపు తిరిగాడు.

"అలమార జోలికి పోకుండ్రి సార్. ముందు గా టైంటేబుల్ మార్చుండ్రి."

వెంకటరామయ్య తాళాలు జేబులో వేసుకున్నాడు. ఆరో తరగతి వరుసలో శ్రీలక్ష్మి, పక్కనున్న రోజాను మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"నేను జెప్పలే?" అంది.