దారం తెగని సీసపు ముద్ర

నేను ఒక సీసపు ముద్రను. మీ బొటనవేలంత వెడల్పున్న బిళ్ళను, అంతే. వెండితో చేసి ఉంటే ఎవరైనా దాచుకునేవారు, బంగారంతో చేసి ఉంటే నాకోసం కొట్టుకు చచ్చేవారు. సీసం కాబట్టి ఎవరికీ పట్టలేదు. అందుకే వెయ్యేళ్ళ తర్వాత కూడా ఈ గాజుపెట్టెలో మీ కంట పడ్డాను.

నేను పుట్టింది కాన్‌స్టాంటినోపుల్‌లో, బైజాంటైన్ చక్రవర్తికి వచ్చే అర్జీలు చూసే కచేరీలో. మడిచిన ఉత్తరానికి దారం చుట్టి, దాని కొసలను నా కడుపులోని సన్నని బెజ్జంలోంచి దూర్చారు. ఇనుప పటకారు నోట్లో నన్ను పెట్టి సుత్తితో ఒక్కటిచ్చారు. అబ్బా! ఆ దెబ్బకి బెజ్జం మూసుకుపోయి దారం నాలో ఇరుక్కుంది. ఒక వైపు మేరీమాత ముఖం, రెండో వైపు అర్జీల అధికారి థియోఫిలాక్ట్ పేరు తేలాయి. ఇక దారం కోస్తే తప్ప ఉత్తరం విప్పలేరు. ఆ పూట నా మిడిసిపాటు చూడాలి!

ఆ ఉత్తరాన్ని థెక్లా అనే ఆవిడ చేతిలో పెట్టారు. నల్లసముద్రం ఒడ్డున ఒక చిన్న రేవులో ఓడలకు దారి చూపే దీపానికి కాపలా ఉండే లియోంటియోస్‌కు ఆమె భార్య. చలికాలంలో ఆ దీపం ఆరిపోయి సర్కారు ఓడ రాళ్ళకు కొట్టుకుంది. నూనె అయిపోయిందని లియోంటియోస్ అంతకుముందే మూడుసార్లు కబురు పెట్టాడు, పంపిన నాథుడు లేడు. అయినా తప్పంతా అతని నెత్తినే పెట్టి, ఈస్టరు వెళ్ళిన పదో రోజున అతని కళ్ళు తీసేయాలని గవర్నరు బార్దాస్ తీర్పు రాశాడు. థెక్లా రాజధానికి వచ్చి, నలభై రోజులు కచేరీ మెట్ల మీద పడిగాపులు పడి, మొగుడికి క్షమాపణ సంపాదించింది. అదే నా కింద ఉన్న ఉత్తరం.

"బార్దాస్ గారి చేతికే ఇవ్వు. దారం తెగిందంటే ఇది చెల్లదు, జాగ్రత్త," అన్నాడు కచేరీ గుమాస్తా. ఆ మాట ఆమె మనసులో మేకులా దిగిపోయింది. ఓడలో వాంతులతో సొమ్మసిల్లినా నన్ను పిడికిట్లోంచి వదల్లేదు.

గడువుకు రెండు రోజుల ముందే చేరుకున్నాం. తీరా చూస్తే బార్దాస్ జ్వరంతో పోయి వారమైంది, కొత్త గవర్నరు ఇంకా రాలేదు. కచేరీలో నికేతాస్ అనే రాతగాడొక్కడే ఉన్నాడు. చెడ్డవాడు కాదు గానీ తన నీడకే జడుసుకునే రకం.

"ఉత్తరం ఆయన పేరున ఉందమ్మా. నేను విప్పితే నా చెయ్యి నరుకుతారు."

"అయ్యా, అందులో మా ఆయన్ని వదిలెయ్యమని ఉంది. నా బిడ్డల మీద ఒట్టు."

"ఉండొచ్చు. మూసున్నదాంట్లో ఏముందో నాకెట్లా తెలుస్తుంది? పాతాయన తీర్పు మాత్రం తెరిచే ఉంది, రోజు కూడా వేసుంది. నన్నేం చెయ్యమంటావు?"

"కొత్తాయన వచ్చేదాకా ఆగండయ్యా!"

"ఆగమన్న కాగితం చూపించు, ఆగుతాను."

ఆ కాగితం నా కిందే ఉంది.

థెక్లా చేపలు కోసే కత్తి తీసి దారం మీద ఆనించింది. వద్దు తల్లీ, నన్ను పాడుచెయ్యకు అని లోలోపల గిలగిల్లాడాను. చెల్లదన్న మాట గుర్తొచ్చి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ ఆనించింది, మళ్ళీ తీసేసింది. హమ్మయ్య అనుకున్నాను. ఛీ, నా బతుక్కి! ఆ ఒక్క మాట అనుకోకుండా ఉండాల్సింది.

పదో రోజున, పట్టపగలు, సంత మధ్యలో లియోంటియోస్ కళ్ళు తీసేశారు. తీర్పును తు.చ. తప్పకుండా అమలు జరిపినట్టు నికేతాస్ రాసుకున్నాడు.

ఆ తర్వాత మూడు రోజులకు కొత్త గవర్నరు వచ్చాడు. దారం కోసి, చదివి, "అయ్యో పాపం," అని ఉత్తరాన్ని బీరువాలో పెట్టమన్నాడు. అది అక్కడే చెదలకు పోయింది. కిందపడ్డ నన్ను థెక్లా ఏరుకుని ఇంటికి తీసుకెళ్ళి మొగుడి అరచేతిలో పెట్టింది.

"ఇదేనా?" అన్నాడు అతను.

"ఇదే. నేనే కోసేయాల్సింది, నాకు ధైర్యం చాల్లేదు," అని ఆమె గోడకు తల ఆనించి ఏడ్చింది.

అతను నన్ను తడిమి, "ఏదో ముఖం ఉందే. ఎవరిది?" అన్నాడు.

"మేరీమాతది."

"ఎట్లా ఉంది?"

ఆమె అతని బొటనవేలు పట్టుకుని ఆ ముఖం మీద పెట్టింది. నన్ను సముద్రంలోకి విసిరేస్తాడనుకున్నాను, విసిరేసినా బాగుండేది. అతను రోజూ గడపలో కూర్చుని, అలల చప్పుడు వింటూ, బొటనవేలితో నా మీది ముఖాన్ని రుద్దుతూనే ఉన్నాడు. అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి. అతను పోయిన రోజున థెక్లా నన్ను అతని గుప్పిట్లోనే ఉంచి పూడ్పించింది.

తర్వాత ఎవరో తవ్వారు, ఎవరో కడిగారు, ఇక్కడ పెట్టారు. మొన్న ఒక పండితురాలు విద్యార్థులకు నన్ను చూపించి, "ఉత్తరాలు పోయినా ఈ ముద్రలు మిగిలాయి. ఆనాటి పాలన ఎంత పకడ్బందీగా సాగేదో వీటివల్లే మనకు తెలుస్తోంది," అంది. నిజమే, పకడ్బందీగానే సాగింది.

వాళ్ళలో ఒకమ్మాయి గాజు మీదకు వంగి, నా కింద పెట్టిన అద్దంలోకి కూడా చూసి, "మేడమ్, అధికారి పేరు ఇంత చక్కగా ఉంది కదా, రెండో వైపు మేరీమాత ముఖమేంటి ఇలా చెరిగిపోయింది?" అని అడిగింది.

"పటకారు సరిగ్గా పడలేదేమో."

సరిగ్గానే పడిందమ్మా. ఆ ముఖం ఎట్లా ఉంటుందోనని ఇరవై రెండేళ్ళు ఒక మనిషి వేలితో వెతుక్కున్నాడు.