పేరు చెక్కాక వాపసు లేదు

మందు సీసా మూత చూడగానే నాకు ముందు అనుమానం, తర్వాత కోపం వచ్చాయి. నాకెప్పుడూ ఆ రెండూ ఆ వరసలోనే వస్తాయి. చంద్రపూర్ బజారులో మాది స్టీలు గిన్నెల దుకాణం. అమ్మిన ప్రతి గిన్నె మీదా పేరు చెక్కి ఇచ్చేది నేనే. ఆ చేతి అలవాటు కొద్దీ మావారి మందు సీసా ఇంటికి రాగానే మూత మీద పేర్లు చెక్కే మరతో చిన్న సున్నా చుట్టాను. ఇప్పుడు దేవుడి అరలో ఉన్న సీసాది అదే రంగు, అదే పొడుగు. మూత మాత్రం నున్నగా ఉంది.

మావారు రామకిషన్‌కు లింఫోమా అనే కాన్సర్. మెడ పక్కనా చంకలోనూ గడ్డలు లేచాయి. ఒక పెద్దాసుపత్రి వాళ్ళు ఆ జబ్బుకు కొత్త మందు పరీక్షిస్తున్నారనీ, చంద్రపూర్‌లోనే ఒక దవాఖానాలో చూస్తారనీ తెలిసి అందులో చేరాం. సెలైన్‌లో ఎక్కించే మందు అందరికీ ఒకటే. దానికి తోడు రోజూ మింగే గోళీ ఒకటుంది. సగం మంది గోళీలో కొత్త మందు ఉంటుంది, మిగతా సగానిది ఉత్తి పిండి. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరిది ఏదో మాకే కాదు, డాక్టరుకూ తెలియదట. ఇదెక్కడి వైద్యమని మొదటిరోజే నోరు చేసుకున్నాను.

అనంతరావు డాక్టరు బల్లార్షా తెలుగువాడు. వదిన అనకుండా మరాఠీ వరసలో నన్ను వహినీ అంటాడు. "కంప్యూటర్ చీటీ తీస్తది వహినీ. మనిషి తీస్తే మనోళ్ళకు ఒకటి, పరాయోళ్ళకు ఒకటి ఇస్తడు" అని ఓపికగా చెప్పాడు.

"మా ఆమె భిశీ లెక్కనా?" అన్నారు మావారు.

"అచ్చం గట్లనే."

ఆ ఒక్క మాటే మా కొంప ముంచింది. భిశీ అంటే మా వాడకట్టు ఆడవాళ్ళం నెలనెలా కూడి తీసే చీటీ. పేరు వచ్చినామెకు గిన్నెల సెట్టు. అందులో నేను పెట్టిన కట్టుబాట్లు రెండున్నాయి. ఎవరింట్లోనైనా అక్కర పడితే, పేరు వచ్చినామె తన వంతు ఆమెకిచ్చి ఆమె వంతు తాను తీసుకోవాలి. ఇక రెండోది, గిన్నె మీద పేరు చెక్కాక వాపసు లేదు.

"ఏందిది? మన సీసా ఏది?" అని ఆ నున్నటి మూత సీసా మావారి ముందు పెట్టి అడిగాను.

మావారు పేపరు మడిచి పక్కన పెట్టారు. అబద్ధం ఆడటం ఆ మనిషికి చేతకాదు. "జీవానందానికిచ్చిన. వానిది నేను తీసుకున్న. మొన్న సెలైన్‌కు పోయినప్పుడు మార్చుకున్నం."

జీవానందం మాతోపాటే అదే పరీక్షలో ఉన్న కుర్రవాడు. ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. భార్య మంగతాయి, ఇంకా బడికి పోని పాప ఉన్నారు. సొంతూరు కోర్పనా అవతల, సరిహద్దు మీద. ఆ ఏడే అటు తెలంగాణ వచ్చింది. ఆ ఊరు మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ అంటాయి, పని పడితే మాత్రం ఇటువాళ్ళు అటు పొమ్మంటారు, అటువాళ్ళు ఇటు పొమ్మంటారు. "ఏ రాష్ట్రమో తెల్వకుండనే ఇంత పెద్దగైన అన్నా, ఏ గోళీయో తెల్వకుంటే ఏమైతది" అని దవాఖానా బల్ల మీద కూర్చుని నవ్వేవాడు.

"నాకు గోళీ మింగినంక ఒళ్ళంత దద్దుర్లొచ్చినయ్. గడ్డ గూడ మెత్తవడ్డది. అంటే నాది అసలు మందు" అన్నారు మావారు. "వానికి ఏం కాలే. నీళ్ళు తాగినట్టే ఉందంటడు. గడ్డ గట్లనే ఉంది. చిన్న పొల్ల ఉంది వానికి. నా బిడ్డల పెండ్లిళ్ళయినయ్. అక్కర ఎవలిది? నీ భిశీ కట్టుబాటే గదనే."

"భిశీల గిన్నెలిస్తరు, పానం ఇయ్యరు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నాను. నన్ను అడగకుండా నా మెడలో పుస్తెలు దానం చేయడానికి మీరెవరు అన్నాను. ఆయన తల వంచుకుని విన్నారు కానీ, తప్పు చేశానని మాత్రం అనలేదు. ఆ మొహంలో కాస్త గర్వం కూడా కనబడింది. అది చూసి నా ఒళ్ళు ఇంకా మండింది.

నున్నటి మూత సీసా సంచిలో వేసుకుని గడ్‌చాందూర్ బస్సెక్కాను. అక్కణ్నుంచి ఆటోలో ఉప్పర్వాహి. దారి పొడుగునా మంగతాయిని ఏమని తిట్టాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను.

తలుపు తీసిన మంగతాయి మొహం వెలిగిపోతోంది. "రా అక్కా. మీ సేటు ఇచ్చిన మందు పట్టింది. రాత్రి సంది ఒళ్ళు పెనం లెక్క కాలుతుంది ఈనకు. మందు లోపల కొట్లాడుతుంది అంటుండు మా మామ."

లోపల జీవానందం రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. డాక్టరు అందరికీ ఇచ్చిన జ్వరం పుల్ల పెట్టె కూడా విప్పకుండా గూట్లో ఉంది. సెలైన్ తర్వాత రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి, అప్పుడు జ్వరం వస్తే తెల్లారేదాకా కూడా ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయండి అని ఆ డాక్టరు మాకు పాఠంలా వల్లె వేయించాడు. పుల్ల తీసి చంకలో పెట్టాను. పాదరసం నూట మూడు దాటి పోయింది.

"ఫోన్ ఎందుకు చెయ్యలే?" అని అరిచాను.

మంగతాయి మొహంలో వెలుగు ఆరిపోయింది. "చేస్తే సీసా సంగతి బయటపడ్తది గద. ఇద్దర్నీ తీసేస్తరు. మా కోసం తన మందు ఇచ్చిన మనిషిని మేమే ఎట్ల పట్టియ్యాలె అక్కా?"

కిటికీలో మా సీసా కనిపించింది. మూత మీద నా సున్నా. తిట్టడానికి వచ్చినదాన్ని, కిటికీ దగ్గరికి నడిచాను. ఒక పాడు ఆలోచన వచ్చింది. సీసాలు ఎక్కడివక్కడ మార్చేసి, జ్వరం సంగతి ఒక్కటే చెబితే? పిల్లవాడికి వైద్యం దొరుకుతుంది, మావారి మందు మావారికి దొరుకుతుంది. మా సీసా నా చేతిలోకి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఫోన్ చేశాను. అనంతరావు డాక్టరు ఎత్తి జ్వరం ఎంతో అడిగాడు. తర్వాత, "గోళీలు ఏమేం మింగుతుండు? సరిగ్గ చెప్పు వహినీ, దాన్ని బట్టే ఇక్కడ మందు తయారు వెట్టాలె" అన్నాడు.

జీవానందం పళ్ళు టకటక కొట్టుకుంటున్న చప్పుడు వినబడుతోంది. నేను చెప్పేశాను. అంతా చెప్పేశాను. చెబుతుంటే మావారిని నా చేతులతో నేనే బజారులోకి నెట్టేస్తున్నట్టుంది. మంగతాయి గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

జీవానందాన్ని ఫ్యాక్టరీ జీపులో చంద్రపూర్ దవాఖానాకు తెచ్చాం. రక్తంలో కణాలు పాతాళంలో ఉన్నాయన్నారు. విడిగా ఒక గదిలో పెట్టి, మూతికి గుడ్డ లేకుండా ఎవరినీ రానివ్వకుండా, సెలైన్‌లో మందులెక్కించారు. ఇంకొక పూట ఆగితే దక్కేవాడు కాదని సిస్టరు చెప్పింది. మూడో నాటికి జ్వరం దిగింది, గంజి అడిగాడు.

ఆ రోజే అనంతరావు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. మనిషి కోపంగా ఉన్నాడు, అలసిపోయి కూడా ఉన్నాడు. "పానం మీదికి వచ్చింది గనుక ఇద్దరి చీటీలూ తెరవాల్సి వచ్చింది. రామకిషన్ గారి పేరు మీద వచ్చింది ఉత్తి గోళీ. జీవానందానిది అసలు మందు."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకున్నాను. మళ్ళీ అర్థం కాలేదు. "మరి మావారి గడ్డ తగ్గింది గద?"

"సెలైన్ మందుకు తగ్గింది."

"దద్దుర్లు?"

"ఎందుకొచ్చినయో నాకు గూడ తెల్వది వహినీ. చూడాలె." ఇద్దరికీ ఇక గోళీలు ఉండవన్నాడు. సెలైన్లు, జ్వరానికీ వాంతులకూ మందులు, చూసుకోవడం అన్నీ నడుస్తాయనీ, మమ్మల్ని విడిచిపెట్టననీ చెప్పాడు.

"ఆ పిల్లగాని మందు ఆ పిల్లగానికి మళ్ళ ఇయ్యొచ్చు గద?"

"ఇయ్యరాదు. కట్టుబాటు."

కట్టుబాటు అన్న మాట విని నాకు ఏడుపొచ్చింది. ఇంటికి వెళ్ళి మావారికి ఉన్నదున్నట్టు చెప్పాను. దాచిపెట్టి బతకడం నా వల్ల కాదు. ఆయన తన చేతి మీద మానిపోయిన దద్దుర్ల మచ్చలే చూసుకుంటూ కూర్చున్నారు. "అంటే, ఇచ్చిన అనుకొని వానిది నేను గుంజుకొని తిన్ననా?" అన్నారు. ఆ గర్వం పోయింది. ఆ గర్వాన్నే తిట్టినదాన్ని, అది పోతే చూడలేకపోయాను.

చొక్కా వేసుకుని లేచారు. నేను గంజి గిన్నె పట్టుకుని వెంట నడిచాను. దవాఖానాలో ఆ గది గుమ్మం దగ్గరే నిలబడి, మూతికి కట్టిన గుడ్డ వెనక నుంచి జీవానందానికి అంతా చెప్పారు. మంగతాయి విని కిటికీ వైపు తిరిగిపోయింది, మళ్ళీ మా వైపు చూడలేదు. ఆమెను నేనేమీ అనలేను.

జీవానందం దిండుకు ఆనుకున్నాడు. "అయితే అన్నా, నీకు దద్దుర్లెందుకొచ్చినయ్?"

"నాకేం ఎరుకరా."

"డాక్టర్‌కు?"

"ఆయనకు గూడ ఎరుక లేదంట."

కుర్రవాడు నీరసంగా నవ్వాడు. తర్వాత నా వైపు చూశాడు. "అక్కా, సీసా ఇచ్చిననాడు అన్న నీ భిశీ ముచ్చట చెప్పిండు. పేరు చెక్కినంక గిన్నె వాపసు లేదంట గద?"

"లేదు" అన్నాను.

"గిన్నెల బువ్వ లేకున్నా?"

చేతిలోని గంజి గిన్నె వైపు చూశాను. "లేకున్నా లేదు" అన్నాను.

"మరి గంతే. అన్న ఇచ్చింది నాకు ముట్టింది."

మావారు గుమ్మంలోనే గొంతుక్కూర్చుని చేతుల్లో మొహం దాచుకున్నారు. మంగతాయి ఇటు తిరగకుండానే వెనక్కి చెయ్యి చాపింది. ఆ చేతిలో గంజి గిన్నె పెట్టి నేను ఏడ్చాను. మావారి కోసమో, ఆ పిల్లవాడి కోసమో నాకు తెలియలేదు.