గీత రాకూడని చోట

నచ్చిన జవాబు చెప్పినంత కాలం యాంటీబాడీని ఎవరూ అనుమానించరు. నచ్చనిది చెప్పిందా, ఇక దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ బయటికి లాగాల్సిందే. ఆ ల్యాబులో జరిగిందీ అదే.

అక్కడ అందరూ పిచ్చుక అని పిలిచే పరిశోధక విద్యార్థిని ఒకతె ఉండేది. సన్నగా ఉండి, బల్లకీ ఫ్రీజరుకీ మధ్య కాలు నిలవకుండా తిరుగుతుందని ఆ పేరు పెట్టింది ఆమె సీనియరు. ఆవిణ్ణి పిచ్చుక అక్కా అని పిలిచేది. ఉత్త పిలుపు కాదది. పిపెట్ పట్టుకోవడం నేర్పింది అక్క. జ్వరమొస్తే మాత్ర తెచ్చిచ్చింది అక్క. గైడు తిట్టిన రోజున మెట్ల మీద పక్కనే కూర్చుని, ఏడుపు తీరేదాకా కదలనిదీ అక్కే. ఆ గైడుని అందరూ పెద్దసారు అనేవారు.

వాళ్ళ పని హిస్టోన్ల మీద. కణంలో డీఎన్ఏ అనే దారం చుట్టుకునే రీళ్ళలాంటి ప్రోటీన్లు హిస్టోన్లు. ఆ ప్రోటీన్ తోక మీద ఒకానొక చోట చిన్న రసాయన గుర్తు పడితే అక్కడి జన్యువు నోరు మూసుకుంటుంది. ఆ గుర్తు కంటికి కనబడదు. కుందేలు రక్తంలోంచి తీసిన యాంటీబాడీ వెళ్ళి దానికే, దానికి మాత్రమే అంటుకోవాలి. కణాల రసాన్ని జెల్ అనే మెత్తటి పలక గుంటల్లో పోసి నడిపి చూస్తే, అది అంటుకున్న చోట ఫిల్ము మీద నల్లటి గీత వస్తుంది. ఆకలికి మాడిన కణాల్లో ఈ గుర్తు పెరుగుతుందని అక్కా పెద్దసారూ కలిసి రాసిన పేపరు ఊరూరా పేరు తెచ్చుకుంది. అక్క థీసిస్ అంతా దాని మీదే నిలబడింది.

పిచ్చుక చేరేసరికి ఆ యాంటీబాడీ ఇచ్చిన కుందేలు చచ్చిపోయింది. కంపెనీ తయారీ మానేసింది. ఫ్రీజరులో ఒకే ఒక్క ట్యూబు మిగిలితే అక్క దాన్ని ప్రాణంలా చూసుకునేది. పిచ్చుక కోసం వేరే కొత్త యాంటీబాడీ తెప్పించారు. దాంతో చూస్తే, కణాల్ని ఎంత మాడ్చినా గుర్తు పెరగడం లేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. పెద్దసారు ఒంటికాలి మీద లేచారు. నీ యాంటీబాడీ చెత్తది, ముందు దాన్ని పరీక్షించు, అది తేలేదాకా థీసిస్ మీద నా సంతకం అడక్కు అని కుండ బద్దలుకొట్టారు. పిచ్చుకకి పీకల మీదికొచ్చింది. ఫెలోషిప్పు గడువు అయిపోవస్తోంది. వాళ్ళమ్మ ఫోను చేసినప్పుడల్లా, ఇంకా ఎన్నాళ్ళే తల్లీ అంటోంది.

పరీక్షకి వేరే కణాలుంటాయి. గుర్తు పడాల్సిన చోటునే మార్చేసి పెంచినవి. అక్కడ గుర్తు కూర్చోవడానికి జాగాయే ఉండదు గనక నికార్సైన యాంటీబాడీకి ఆ కణాల్లో గీత రాకూడదు. వచ్చిందంటే అది ఇంకేదో పట్టుకుంటోందని అర్థం. పక్కన ఒక మంచి యాంటీబాడీ పెట్టి పోల్చి చూపిస్తే సారు సంతోషిస్తారని, అక్కనడిగి పాత ట్యూబులోంచి రవ్వంత తీసుకుంది. అంత పిచ్చిమాలోకం.

కొత్తది కడిగిన ముత్యంలా తేలింది. రాకూడని చోట కాటుక దిద్దినట్టు గీత వేసింది పాతదే.

పిచ్చుక ఫిల్ము అంచున రాసుకున్న పేర్లు మళ్ళీ సరిచూసుకుంది. ఆ గీత అబద్ధమైతే పేపరు అబద్ధం, పేపరు అబద్ధమైతే అక్క ఇన్నేళ్ళ కష్టం గాలికి పోయినట్టే. తన కష్టం సంగతి కూడా ఆ క్షణాన గుర్తు రాలేదు దానికి. ఫిల్ము పట్టుకుని తిన్నగా అక్క దగ్గరికి పరిగెత్తింది. అక్క దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది. సొంత ల్యాబు వచ్చే ఉద్యోగానికి అప్పుడే ఇంటర్వ్యూ పిలుపు అందుకుని ఉంది.

"ఎవరికైనా చెప్పావా?"

"నీకే అక్కా, ముందు."

"నా ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగవే. తర్వాత ఇద్దరం కలిసే సారు దగ్గరికి వెళ్దాం. పేపర్లో ముందున్నది నా పేరే కదా, తప్పు నేనే ఒప్పుకుంటాను."

ఎంత గొప్ప మనసు అనుకుని పిచ్చుక కళ్ళు తుడుచుకుంది. ఆగింది.

అక్కకి ఉద్యోగం వచ్చింది. ల్యాబంతా సందడి. ఎప్పుడు వెళ్దామని పిచ్చుక అడిగితే రేపంది, ఇంకోసారి అడిగితే పనిలో ఉన్నానంది. సారు దగ్గరికి వెళ్ళే ముందు మరోసారి చేసి చూసుకుంటే మంచిదని పిచ్చుక ఫ్రీజరు తెరిస్తే పాత ట్యూబు ఉండాల్సిన చోట మంచు తప్ప ఏమీ లేదు. అక్క కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే, నా కొత్త పేపర్లో ఆఖరి బొమ్మకి కాస్త ఎక్కువే పట్టింది, అయిపోయిందే అని చెప్పింది. నిమ్మకు నీరెత్తినట్టు చెప్పింది. అప్పుడైనా అనుమానం రావాలా వద్దా? రాలేదు దానికి. ప్రేమించిన మనిషిని అనుమానించడం ఎవరూ నేర్పలేదు మరి.

వారం వారం జరిగే ల్యాబు మీటింగులో ఇక తప్పక ఫిల్ము అందరి ముందూ పెట్టింది. పెద్దసారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్క వైపు తిరిగారు. అక్క మెల్లగా, ముద్దుగా నవ్వింది.

"చెయ్యి వణికి ఉంటుంది సార్ దానికి. జెల్లో పక్క గుంటలోది ఒలికితే ఇక్కడా గీత కనిపిస్తుంది. కొత్తలో నాకూ అయింది."

పిచ్చుక అక్క వైపు తిరిగింది. నీకు ముందే చూపించాను కదక్కా అంది.

"చూపించావు. మళ్ళీ చెయ్యమన్నాను కదే."

మళ్ళీ చేసి చూపించు, అదే న్యాయం అన్నారు పెద్దసారు. దేంతో చేస్తుంది? ట్యూబు లేదు, కుందేలు లేదు. ఆ సంగతి తెలిశాక సారు ఊపిరి పీల్చుకోవడం గదిలో అందరికీ వినిపించింది. తర్వాత గదిలోకి పిలిచి తీరిగ్గా చెప్పారు. నీ ఫలితాలు నువ్వు రాసుకో, కణాలు పెంచే తీరులో తేడా అయ్యుంటుందని ఒక వాక్యం చేర్చు, ఆ ఫిల్ము మాత్రం థీసిస్‌లో వద్దు, సంతకం పెట్టేస్తాను అని. పిచ్చుకకి ఫెలోషిప్పు గడువు గుర్తొచ్చింది. అమ్మ గుర్తొచ్చింది. సరే సార్ అంది. ఆ రాత్రి తన మీద తనకే అసహ్యమేసి అన్నం ముట్టలేదు.

వైవాకి వేరే చోటునుంచి ఒక పెద్దావిడ పరీక్షకురాలిగా వచ్చింది. థీసిస్ అక్షరం వదలకుండా చదివిన మనిషి. ముందు వరసలో అక్క కూర్చుంది, ఇప్పుడు ఆవిడా ఒక ల్యాబుకి యజమాని. పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది.

"నీ ఫలితం మీ ల్యాబు పేపరుకే అడ్డంగా ఉందమ్మా. రెండు యాంటీబాడీలనీ పక్కపక్కన పెట్టి, గుర్తు లేని కణాల మీద చూస్తే తేలిపోయేది. ఎందుకు చూడలేదు?"

పిచ్చుక పెద్దసారి వంక చూసింది. ఆయన కాగితాలు సర్దుకుంటున్నారు. అక్క వంక చూసింది. చెప్పవే, భయపడకు అన్నట్టు అక్క తలూపుతోంది.

"తట్టలేదు మేడమ్."

పెద్దావిడ పెదవి విరిచింది. చేతులు బాగా పనిచేశాయి, బుర్ర కూడా కాస్త పెట్టుంటే బాగుండేది అని నిట్టూర్చింది.

"నేను చెబుతూనే ఉంటాను మేడమ్," అన్నారు పెద్దసారు, "యాంటీబాడీని ముందు పరీక్షించుకోమని. పిల్లలు వింటేగా?"

అందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వింది. పట్టా ఇచ్చేశారు.