చుట్టాల వైఫై

ప్రింటర్ ఉంటుందా పోతుందా అన్నది ఆ ఆదివారం పదకొండు గంటలకల్లా తేలిపోవాలి. వెనక్కి ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. తీసుకెళ్లే మనిషి పదకొండుకి వస్తాడని మెసేజ్ కూడా వచ్చేసింది. అప్పుడు టైము తొమ్మిదిన్నర. వారం రోజులుగా ఆ ప్రింటర్ నా ఫోన్ నుంచి ఒక్క కాగితం కూడా తీసివ్వలేదు.

"పోనీలే వర్షీ, కొంపలేం మునగవు. వీధి చివర జెరాక్స్ షాపుందిగా," అన్నాడు ఓంకార్, దోశ తిరగేస్తూ.

కొంప మునగదు, నిజమే. కానీ ఆ కొంపలోకి నేను కొన్న మొదటి వస్తువు అది! నలభై రోజుల కిందట పెళ్లయి, నరసరావుపేట నుంచి బెంగళూరు రామ్మూర్తినగర్‌లోని ఈ మేడమీది రెండు గదుల్లోకి వచ్చేసరికే ఇక్కడ అన్నీ ఉన్నాయి. ఓంకార్ ఫ్రిజ్, ఓంకార్ సోఫా, ఓంకార్ చీపురు. చీపురు కూడా! ప్రింటర్ ఒక్కటే నాది. దాని పెట్టె విప్పిన రోజు బుడగల కవరును ఇద్దరం చెరి సగం పంచుకుని పటపటా పేల్చాం. ప్రింటర్ నుదుటన పసుపు రాసి కుంకుమ పెట్టాను.

"బొట్టు పెట్టి ఇంట్లోకి తెచ్చుకున్నదాన్ని వెనక్కి పంపిస్తారా మీరు?" అన్నాను. కోపం వస్తే నేను ఓంకార్‌ని 'మీరు' అంటాను.

"అమ్మో, 'మీరు' వచ్చేసింది," అని స్టవ్ ఆపేశాడు. "పద, మళ్లీ మొదట్నుంచీ చూద్దాం."

చూశాం. ప్రింటర్ ఆపి మళ్లీ వేశాం. రౌటర్ ఆపి మళ్లీ వేశాం. నా ఫోన్ ఆపి మళ్లీ వేశాం. ప్రింటర్‌ని పసిపిల్లలా ఎత్తుకొచ్చి రౌటర్ పక్కనే కూర్చోబెట్టాను. దాని నీలం దీపం నిలకడగా వెలుగుతోంది. అంటే వైఫై అందినట్టే. నా ఫోన్ మాత్రం ప్రింటర్ ఏదీ దొరకలేదంటోంది. జానెడు దూరంలో ఉన్నది దొరకలేదట! కోపం పోయి నవ్వొచ్చేసింది. ఓంకార్ ఫోన్ నుంచి చూద్దామంటే పెళ్లి వీడియోలతో నిండిపోయి అందులో యాప్ పట్టే చోటు లేదు. అతని ఆఫీసు ల్యాప్‌టాప్ బయటి వస్తువులను దగ్గరికే రానివ్వదు.

పది దాటాక వెంకటేశప్ప గారు వచ్చారు. కింద ఉండే మా ఇంటి ఓనరు. వాళ్లది తరాలుగా బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం.

"ఏమప్పా ఓంకారూ, మిషను ఇంకా ఈడనే ఉండాది? తీసకపోయేవాడు రాలేదా?"

"పదకొండుకండీ."

"మా నగర్తపేట అంగట్లో ఇట్లాంటిదే ఒకటి ఉండె. రెండేండ్లు దాని మీద పూలకుండీ పెట్టుకుంటిమి. ఆ పనికి బాగుండె."

"నవ్వండంకుల్, నవ్వండి. మీ ఆధార్ కాపీ దీంట్లోనే తీసిస్తా."

"చూస్తాం లేమ్మా," అని ఆయన కుర్చీ లాక్కుని, క్రికెట్ మ్యాచ్‌కి కూర్చున్నట్టు గుమ్మంలోనే కూర్చున్నారు.

పదీ నలభైకి, ప్రింటర్‌తో వచ్చిన పుస్తకంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఒక ముక్క దొరికింది. ఫలానా మీట మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ప్రింటర్ తన వివరాలన్నీ తానే ఒక కాగితం మీద తీసిస్తుందట. నొక్కాను. లోపలేదో గరగరలాడింది. కాగితం బయటికొచ్చింది!

"వచ్చె! వచ్చె!" అని అందరికంటే ముందు అరిచింది వెంకటేశప్ప గారే.

చదివాను. ప్రింటర్ వైఫైకి కలిసే ఉంది. నెట్‌వర్క్ పేరు: ఓంకార్ ఇల్లు. నా ఫోన్ తెరిచి చూశాను. నెట్‌వర్క్ పేరు: చుట్టాలు.

"ఓంకార్, ఈ ఇంట్లో రెండు వైఫైలున్నాయా?"

అతను నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో! పెళ్లికి మావాళ్లు ఇరవై మంది దిగారు కదా. ఆఫీసు పని చేసుకునే వైఫై అందరికీ ఎందుకని చుట్టాల కోసం వేరేగా పెట్టా. దాంట్లో ఉన్నవాళ్లకి ఇంటర్నెట్ వస్తుంది, అంతే. ఇంట్లో వస్తువులేవీ కనపడవు. ప్రింటర్‌నేమో రౌటర్ మీద బటన్ నొక్కి కలిపా. అది తిన్నగా ఇంటి దాంట్లోకి వెళ్లిపోయింది."

"అంటే, వారం కిందట వచ్చిన ప్రింటర్ ఇంటిది. నలభై రోజుల కిందట వచ్చిన నేను చుట్టాన్నా?"

"పెండ్లాన్ని చుట్టాల్లో పెట్టినావా అప్పా!" వెంకటేశప్ప గారు లేచి నిలబడ్డారు. "ఈ మాట మా ఇంటామె సుశీల చెవిన పడితే ఉగాదికి నీకు ఒబ్బట్టు, అదే మీ బొబ్బట్టు, రాదు, చూసుకో."

"ఇంటి పాస్‌వర్డ్ చెప్పండి," అన్నాను.

"ఫోన్ ఇటివ్వు, నేను కొడతా."

"నేనే కొడతాను. చెప్పండి."

ఓంకార్ చెవులు ఎర్రబడ్డాయి. ఓనరు గారి వంక ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు. నా పేరు. పక్కన మా పెళ్లిచూపుల తేదీ.

"మీ ఊరి నుంచి తిరిగి రాగానే మార్చా," అన్నాడు గొంతు తగ్గించి. "అప్పటికి నువ్వింకా సరే అననే లేదు. వచ్చిన రోజు నువ్వు వైఫై అడిగితే సిగ్గేసి, చుట్టాలది చెప్పేశా."

నా పేరు నేనే ఒకసారి తప్పు కొట్టాను. రెండోసారి కలిసింది. ప్రింటర్ పేరు ఫోన్లో టక్కున ప్రత్యక్షమైంది! ఓంకార్ రెప్పల మీద తలంబ్రాలు నిలిచిపోయిన ఫొటో ఒకటి ఉంది. ప్రింట్ నొక్కాను. గరగర, గరగర. ముందు పందిరి వచ్చింది, తర్వాత నా జడ, తర్వాత ఇద్దరి నవ్వులు.

"ఉండమ్మా, ఆధార్ తెస్తా!" అంటూ వెంకటేశప్ప గారు మెట్ల మీద పరుగు. సరిగ్గా అప్పుడే, హెల్మెట్ తీస్తూ ప్రింటర్ తీసుకెళ్లే మనిషి ఎదురొచ్చాడు.

"తెలుగువాళ్లేనా మేడం? రిటర్న్ ఒకటుంది, ప్రింటర్."

"క్యాన్సిల్! క్యాన్సిల్ అండీ! చూడండి, చూడండి!" ఫొటో అతని ముందు పెట్టాను. అతను ఫొటో చూశాడు, ఓంకార్‌ని చూశాడు, నవ్వాడు. తర్వాత తన ఫోన్‌ని గాల్లో అటూ ఇటూ తిప్పాడు.

"క్యాన్సిల్ కొట్టాలంటే ఇక్కడ సిగ్నల్ రావట్లేదు మేడం. వైఫై ఉంటే ఒక్క నిమిషం..."

ఓంకార్ నోరు తెరిచాడు. నేనే ముందు చెప్పేశాను.

"ఎందుకు లేదండీ! 'చుట్టాలు' అని కనిపిస్తుంది చూడండి. మా ఇంటికి వచ్చేవాళ్ల కోసమే పెట్టాం. పాస్‌వర్డ్ లడ్డు, ఒకటి రెండు మూడు."