నలభై రెండో ప్రమాదం

ఏడూ నలభైకి భర్త బూట్ల లేసులు కట్టుకుంటాడు. ఏడూ నలభై అయిదుకి గుమ్మం దాటతాడు. ఏ బస్సు ఏ స్టాపుకి ఎన్నింటికి రావాలో రాసే ఆఫీసులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. బస్సుల సంగతి ఎలా ఉన్నా, ఇంట్లో భార్యకి మాత్రం వేళలు పక్కాగా రాసిపెట్టాడు. కూరగాయల కొట్టుకి వెళ్లడానికి పదకొండు నిమిషాలు, రావడానికి పదకొండు, బేరానికి ఆరు. ఇరవై ఎనిమిది దాటితే, "దారిలో ఎవరు కలిశారేంటి?" అని నవ్వుతూనే అడుగుతాడు. ఆ నవ్వుని పద్నాలుగేళ్లుగా ఆమె ఒంటి మీద గుచ్చిన గుండుసూదిలా మోస్తోంది.

భార్య బట్టల కార్ఖానాలకి నమూనాలు గీస్తుంది. కోటుకి చంక దగ్గర ఎంత వంపు ఉండాలి, మెడపట్టీ ఎక్కడ మడత పడాలి, అన్నీ ముందుగదిలో కంప్యూటర్ మీద గీసి పంపితే, అక్కడివాళ్లు దాని ప్రకారం గుడ్డ కత్తిరించుకుంటారు. రోజుకి ఏడెనిమిది గంటలు ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది ఆమె. ఇంట్లో అందరూ దాన్ని "ఆయన కంప్యూటర్" అంటారు.

ఆ వారం ఒక కార్ఖానా నుంచి ఉత్తరం వచ్చింది. నమూనాల విభాగానికి పెద్దని వెతుకుతున్నారట. వచ్చే శుక్రవారం సాయంత్రం అయిదు లోపల ఆడవాళ్ల కోటు నమూనా ఒకటి పంపాలి. నచ్చితే సోమవారం నుంచే ఉద్యోగం. ఉత్తరం రాసిన కటింగ్ మాస్టరు చివర్లో ఒక ముక్క కలిపాడు: "మీ గీత చాలా హాయిగా ఉంటుంది."

ఆ ముక్క దగ్గరే భర్త ఆగిపోయాడు.

"గీత హాయిగా ఉండటమేంటి?"

"గుడ్డ పీక్కుపోకుండా ఒంటి మీద కూర్చుంటుందని."

"ఆ మాటే రాయచ్చుగా. హాయి ఎందుకొచ్చింది మధ్యలో?"

ఆ మాస్టరు కుర్రాడా, ముసలాయనా అని చదివేవాళ్లకీ అనుమానం రావచ్చు. ఆమె ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. చూసి ఉన్నా ఈ కథలో ఏమీ మారదు.

ఆదివారం పొద్దున్న ఆమె మేడ మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు, భర్త కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "మీ ఇంటావిడ ఎవరితో మాట్లాడుతోందో తెలుసుకోండి" అని ఒక చోట కనబడితే నొక్కాడు. తెర నిండా ఎర్రటి పెట్టె లేచింది. "మీ కంప్యూటర్లో నలభై ఒక్క ప్రమాదాలు ఉన్నాయి. రక్షించమంటారా?" బుర్ర ఉన్నవాళ్లెవరైనా ప్లగ్గు పీకేసేవాళ్లు. కానీ అనుమానపు మనిషికి ప్రమాదం ఉందని ఎవరైనా చెబితే భయం వెయ్యదు, ప్రాణం లేచొస్తుంది. ఇన్నాళ్లకి తన మాట ఒప్పుకునేవాడు దొరికాడని "అవును" నొక్కాడు.

తెరలోంచి కావలివాడొకడు ముందు ఒక కాలు బయటపెట్టి, మౌసుని పక్కకి జరిపి, రెండో కాలు దించాడు. ముదురు నీలం యూనిఫాం, మెళ్లో ఈల, చంకలో రేకు ట్రంకుపెట్టె.

"బూట్లు బయట విప్పు నాయనా, కోడలు ఇప్పుడే తుడిచింది" అంది అత్తగారు.

వాడు విప్పలేదు. స్టూలు లాక్కుని కంప్యూటర్ పక్కన కూర్చున్నాడు. పూర్తి రక్షణ కావాలంటే కార్డు నంబరు చెప్పమన్నాడు. భర్త చెప్పాడు. వాడు రాసుకుని, ఇంకా పూర్తి రక్షణ కావాలంటే ఇంకోసారి చెప్పమన్నాడు.

ఖాళీ బకెట్టుతో దిగొచ్చిన భార్య వాణ్ని చూసింది, తెరని చూసింది, మొగుణ్ని చూసింది. కూర్చుని తను గీస్తున్న కోటు నమూనా తెరిచింది. ఈల మోగింది.

"నలభై రెండో ప్రమాదం!" అన్నాడు కావలివాడు. కోటుని తెర మీంచి ఒలిచి, మడిచి, ట్రంకులో పెట్టి తాళం వేశాడు. చెల్లెలి ఉత్తరాలూ, చదువుకున్ననాటి ఫొటోలూ, చివరికి కొలతలు లెక్క చూసుకునే క్యాలిక్యులేటరూ అప్పటికే అందులో ఉన్నాయి.

"ఇది దొంగ యాంటీవైరస్ అండీ. ఉన్న జబ్బు పట్టుకోదు, లేని జబ్బు చెప్పి డబ్బు గుంజుతుంది. నా కోటు దాంట్లో ఉంది. శుక్రవారం పంపాలి."

"దాచుకునేది ఏమీ లేనప్పుడు కావలి ఉంటే నీకేంటి ఇబ్బంది?" అన్నాడు భర్త. ఈ మాట చాలా ఇళ్లలో చాలామంది అన్నదే. అన్న ప్రతివాడూ అది తనే కనిపెట్టినట్టు అంటాడు.

సోమవారం నుంచి సాయంత్రాలు భర్త ఇంటికి రాగానే స్టూలు పక్కన కుర్చీ వేసుకునేవాడు.

"పది ఇరవైకి అమ్మగారు కిటికీ దగ్గర నిలబడ్డారండీ. పదకొండుంబావుకి నవ్వారు."

"ఎందుకు నవ్వింది?"

"అది ప్రీమియంలో వస్తుంది అయ్యగారూ, దానికి డబ్బు వేరే."

వంటింట్లో అత్తగారు గిన్నె ఎత్తి కుదేసింది. "చూశావా? ఇంటికి రాగానే నా దగ్గర కూర్చుని, 'అమ్మా, ఇవాళ ఏం జరిగింది' అని అడిగేవాడు. పద్నాలుగేళ్ల నుంచి నీ మీద కన్నేసి ఉంచే పని నాదే కదే! ఒక్క రోజు సెలవు పెట్టానా? ఒక్క పైసా అడిగానా? ఇప్పుడు ఎవడో బూట్లవాడు వచ్చి కూర్చుంటే నేను పనికిరానిదాన్నయిపోయానా?"

"నిజమే అత్తయ్యా, మీ అంత శ్రద్ధ వాడికెక్కడిది?"

"అదీ! నువ్వు నవ్వితే ఎందుకు నవ్వావో నేను చెప్పేదాన్ని. ఊరికే."

బుధవారం సాయంత్రం కావలివాడు తను వేళలు రాసుకునే పలక చూసి చదువుతూ, "అమ్మగారు జుట్టు విప్పి ముడేసుకున్నారండీ. విరబోసుకుంటేనే బాగుంటుంది" అన్నాడు.

భర్త కుర్చీలోంచి లేచాడు. "నువ్వెందుకు చూశావు?"

"చూడటమేగా అండీ నా పని."

గురువారం భర్త సెలవు పెట్టాడు. పొద్దంతా కావలివాడు భార్యని చూస్తుంటే, భర్త కావలివాణ్ని చూశాడు. మధ్యాహ్నానికి తట్టుకోలేక వాడి చొక్కా జేబు మీదున్న ఇంటూ గుర్తుని వేలితో గట్టిగా నొక్కాడు. తెర మీద కిటికీని మూస్తే మూసుకున్నట్టు మూసుకుపోతాడనుకున్నాడు. వాడు ఒక జానెడు పెరిగి, కార్డు నంబరు అడిగాడు.

"ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు భర్త, భార్యతో.

"రేపు అయిదు లోపల నా కోటు వెళ్లాలి. అందుకు చేస్తాను. మీ కోసం కాదు."

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఆవిడని అందరూ స్క్రూడ్రైవరక్క అంటారు. శుక్రవారం పొద్దున్న అత్తగారు కళ్లజోడు సరిచేయించుకొస్తానని బయల్దేరింది. కావలివాడు ఆవిడ వేళ రాసుకోలేదు. ముసలావిడలో ప్రమాదం ఏముంటుందనుకున్నాడు. ఆవిడ తిరిగొచ్చి కళ్లజోడు పెట్టె తెరిచి, అందులోంచి స్క్రూడ్రైవరక్క ఇచ్చిన పెన్‌డ్రైవ్ తీసి కోడలి చేతిలో పెట్టింది.

"తీసెయ్ వాణ్ని" అంది.

మధ్యాహ్నం మూడింటికి భార్య ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కూర్చుంది.

"ముందు నెట్ తీగ పీకు చెల్లీ" అంది స్క్రూడ్రైవరక్క. "వాడికి తిండి అందులోంచే వస్తుంది."

పీకింది. కావలివాడు దగ్గాడు.

"ఇప్పుడు ఆపి మళ్లీ ఆన్ చెయ్యి. తెర వెలగకముందే ఎఫ్ ఎనిమిది టకటకా కొట్టు. సేఫ్ మోడ్ ఎంచుకో, అందులో అవసరమైనవి తప్ప ఇంకేవీ లేవవు."

తెర మీద రంగులు వెలిసిపోయాయి, అక్షరాలు లావెక్కాయి. కావలివాడు యూనిఫాం లేకుండా బనీనుతో, ఈల లేకుండా మిగిలాడు. స్టూలు మాత్రం వదల్లేదు. ఆమె పెన్‌డ్రైవ్ గుచ్చి, శుభ్రం చేసే ప్రోగ్రాం మీద నొక్కింది. వాడు దాని మీద అరచెయ్యి వేశాడు.

"ప్రమాదం."

"ఆపుతున్నాడక్కా."

"ఆపుతాడు. వాడికి దాని పేరు తెలుసు. పేరు మార్చి నడుపు. ఏ పేరైతే వదులుతాడో చూడు."

ఆమె "కోటు" అని పేరు పెట్టింది. ఆపాడు. "చెల్లి ఉత్తరం" అని పెట్టింది. ఆపాడు. తన పేరే పెట్టింది. ఈసారి రెండు చేతులూ వేసి ఆపాడు. గోడ మీద గడియారం మూడూ యాభై.

పక్కన నిలబడ్డ భర్తకి తోచక, "నా బస్సుల పట్టిక అయినా తెరుచుకుంటుందేమో చూడు" అన్నాడు. ఆమె నొక్కింది. గబుక్కున తెరుచుకుంది. కావలివాడు కళ్లెత్తి కూడా చూడలేదు. వారమంతా ఇంతే. ఆమె రోజుల తరబడి కూర్చుని గీసిన కోటు ట్రంకులో ఊపిరాడక పడుంటే, ఆయన పట్టిక దర్జాగా వస్తూ పోతూ ఉంది. ఆమెకి ఒళ్లు మండింది. మనుషుల్ని చూసి అసూయపడటం ఎప్పుడో మానుకున్న ఆమెకి, ఆ ఫైలుని చూస్తే మాత్రం గొంతు దాకా వచ్చింది. ఏముంది దాంట్లో? తన గీతకన్నా సొగసా, తన కొలతకన్నా కచ్చితమా? పైన ఆయన పేరుంది. అంతే.

ఆమె ప్రోగ్రాం మీద మళ్లీ నొక్కి, పాత పేరు చెరిపి, భర్త పేరు రాసింది.

కావలివాడు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "అయ్యగారిదా! రండి, రండి" అని దారి వదిలి దండం పెట్టాడు.

ఆడదాని పని మొగుడి పేరు తగిలించుకుంటే ఏ గుమ్మంలోనైనా దండం అందుకుంటుందన్నది ఆమెకి కొత్త సంగతేమీ కాదు. దాన్ని కత్తెరలా వాడటం మాత్రం ఇదే మొదలు.

"నా పేరెందుకు పెట్టావు?" అన్నాడు భర్త.

"ఇంకే పేరుకీ వాడు లేవలేదు కాబట్టి."

ప్రోగ్రాం ఇల్లు దులిపినట్టు దులిపింది. కంప్యూటర్ లేవగానే తనూ లేచేలా కావలివాడు ఒక మూల రాసిపెట్టుకున్న చీటీని తుడిచింది. నెట్‌కి వెళ్లే దారిని తన వైపు మళ్లించుకున్న చోట తిన్నగా చేసింది. పది శాతానికి బూట్లు పోయాయి. నలభైకి నడుం దాకా లేడు. తొంభైకి మీసం ఒక్కటే గాల్లో నిలబడి, "పూర్తి రక్షణ..." అంటూ ఆరిపోయింది. ట్రంకు మూత దానంతటదే తెరుచుకుంది. కోటు పైకి లేచి, మడతలు దులుపుకుని, తెరలోకి వెళ్లి తన చోట కూర్చుంది.

ఆమె కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి, తీగ గుచ్చి, నాలుగూ నలభై ఆరుకి కోటుని పంపించింది.

"వెళ్లిందా?" అన్నాడు భర్త. ఆగలేక, "ఆ మాస్టరుకేగా?" అన్నాడు.

అప్పుడు శుభ్రం చేసే ప్రోగ్రాం చివరి కిటికీ తెరిచింది. "ఈ ఇంట్లో నిన్ను గమనించడానికి ఇంకా ఇద్దరికి అనుమతులు ఉన్నాయి. సరిచూసుకో."

"ఏమంటోంది అది?" అత్తగారు తొంగిచూసింది. "నా పేరుందా?"

"ఉంది అత్తయ్యా."

"తీసెయ్. నాకూ రిటైర్మెంటు వద్దా?"

ఆమె అత్తగారి పేరు తీసేసింది. ఆవిడ భుజాలు సడలించి, వెళ్లి మంచం మీద కాళ్లు బారజాపుకుంది.

భర్త పేరు కింద గళ్లు వరసగా ఉన్నాయి. ప్రతి గడిలో ఒక టిక్కు. ఉత్తరాలు చదవడం. బ్యాగు వెతకడం. ఆలస్యానికి సంజాయిషీ అడగడం. నవ్వుకి కారణం అడగడం.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు భర్త. "అవన్నీ నేను నీ మంచికే..."

ఆమె మొదటి టిక్కు తీసింది. రెండోది తీసింది. మూడోది తీస్తుంటే, "అసలు ఆ మాస్టరు..." అని మొదలుపెట్టినవాడు సగంలో ఆగాడు. గదిలోకి ఎందుకొచ్చాడో మర్చిపోయిన మనిషిలా అటూ ఇటూ చూశాడు. నాలుగోదీ తీసేసింది.

అట్టడుగున ఇంకొకటి ఉంది. "ఈ ఇంట్లో ఆమెతో కలిసి ఉండటం." ఆమె వేలు దాని మీద చాలాసేపు ఆగింది. భర్త ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు. వేళలు రాసే మనిషికి అదెంతసేపో చెప్పడం చేతకాలేదు. ఆ గడి పక్కన బాణం గుర్తు నొక్కితే మూడు దారులు కనబడ్డాయి: తీసేయి, ఉంచు, ముప్పై రోజుల ట్రయల్.

ఆమె మూడోది ఎంచుకుంది.

శనివారం జవాబు వచ్చింది. సోమవారం తొమ్మిదింటికి రమ్మన్నారు. సంతకం కటింగ్ మాస్టరుదే. భర్త ఆ ఉత్తరం పక్కనుంచి నాలుగుసార్లు నడిచాడు. ప్రతిసారీ నోరు తెరిచాడు, ప్రతిసారీ గాలి తప్ప ఏమీ రాలేదు.

సోమవారం ఆమె టేపూ కత్తెరా బ్యాగులో వేసుకుని గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటోంది. ఏడూ నలభై అయిదు దాటినా బయల్దేరని భర్త వెనక వచ్చి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది. అడగాలనుకున్నవన్నీ గొంతు దగ్గరకి వచ్చి ఒక్కొక్కటే వెనక్కి తిరిగిపోతున్నట్టు కంఠం కిందికీ మీదికీ ఆడింది. చివరికి ఒక మాట బయటికొచ్చింది.

"ఎనిమిదీ పది బస్సు కాగితం మీదే ఎనిమిదీ పది. నాలుగు నిమిషాలు ముందే వెళ్లిపోతుంది. ఇప్పుడే బయల్దేరు."

ఆమె ఆయన వంక చూసింది. పద్నాలుగేళ్లలో ఆయన ఆమె కోసం చెప్పిన మొదటి వేళ అది.

"మంచిది" అని మెట్లు దిగింది.

బస్సు నిజంగానే నాలుగు నిమిషాలు ముందు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఇంకా ఇరవై ఏడు రోజులుంది, చూద్దాం అనుకుని బ్యాగు ఒళ్లో పెట్టుకుంది.